ఆదర్శ జల మసీదు

మత వ్యవహారాల శాఖలో శుక్రవారం ప్రసంగాల విభాగం అధికారి, మా అమ్మాయి పెనిమిటి అయిన అల్లుడుగారికి తాళాల వీధి మసీదు ఇమాము సలాము చేసి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం, మసీదు కప్పు తప్ప. మీ శాఖ పంపిన శుక్రవారం ప్రసంగం అందింది. 'నీటిని పొదుపు చేద్దాం' అన్నది విషయం. మీ ఉత్తర్వు ప్రకారం ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట మింగకుండా చదివాను. 'ప్రతి బొట్టూ విలువైనదే' అని నేను అనేసరికి ముందు వరసలో కూర్చున్న తాళాల కొట్టాయన బట్టతల మీద టప్పున ఒక బొట్టు పడింది. మసీదంతా నవ్వు ఆపుకోలేక దగ్గడం మొదలుపెట్టింది.

వానలు మొదలయ్యాయి బాబూ. మూడు చోట్ల కారుతోంది. కింద బకెట్లు పెట్టాం. పారబోయడం ఎందుకని ఆ నీళ్లతోనే నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కుంటున్నాం. మసీదు మీ శాఖది, నా జీతం మీ శాఖది, ఆఖరికి నా నోట్లో మాట కూడా మీ శాఖదే. కప్పు ఒక్కటి మాత్రం మాదెలా అవుతుంది? త్వరగా బాగుచేయించండి.

ఇట్లు,
మీ మామ

తా.క.: ప్రసంగాలు మీరే రాస్తారట, అమ్మాయి గొప్పగా చెప్పింది. బాగానే ఉంటున్నాయి. కానీ ఈ ఉత్తర్వు రాకముందు సొంతంగా మాట్లాడినవాణ్ణి కదా, ఇప్పుడు వీధిలో నాకు 'రేడియో సాబు' అని పేరు పెట్టారు.

*

గౌరవనీయులైన ఇమాము గారికి,

ఆఫీసుకి రాసే ఉత్తరాల్లో 'అల్లుడు', 'బాబూ', 'అమ్మాయి పెనిమిటి' లాంటి మాటలు వద్దని మనవి. ప్రతి ఉత్తరం డైరెక్టరుగారి బల్ల మీదుగానే నాకు వస్తుంది.

మీ ఉత్తరంలో బకెట్ల భాగం చదివి ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "చూశావటయ్యా! మన ప్రసంగం విని వాన నీళ్లు పట్టి వాడుకుంటున్నారు! ఇన్నేళ్లకి ఒక్క మసీదైనా మన మాట విన్నది!" అన్నారు. మీ మసీదుని 'ఆదర్శ జల మసీదు'గా ప్రకటించారు. బోర్డు వస్తోంది. అభినందనలు.

ప్రసంగాల నిబంధన మరోసారి గుర్తుచేస్తున్నాను. కాగితంలో ఉన్నదే చదవాలి. కాగితం అందకపోయినా, చదవడానికి వీల్లేకుండా పోయినా మాత్రమే ఇమాము సొంతంగా నాలుగు మంచి మాటలు చెప్పవచ్చు. తపాలా సంగతి నేనే దగ్గరుండి చూస్తాను కాబట్టి మీకు ఆ ఇబ్బంది రాదు.

ఇట్లు,
విభాగాధికారి

తా.క. (విడి చీటీ మీద): మామయ్యా, కప్పు సంగతి ఇప్పుడే ఎత్తకండి. డైరెక్టరుగారు నవ్వగా చూడటం నాకిదే మొదలు. ఆ నవ్వు నాలుగు రోజులు ఉండనివ్వండి.

*

విభాగాధికారి గారికి (నాకేమవుతారో ఇక రాయను),

ఇది ఆదర్శం కాదండీ, చిల్లు. చిల్లు కింద బకెట్ పెట్టడానికి ప్రసంగం అక్కర్లేదు, తడిసే నెత్తి ఉంటే చాలు.

మీ బోర్డు వచ్చింది. ఇద్దరు మనుషులు కప్పెక్కి, వీధిలోకి కనపడేలా మేకులు దిగ్గొట్టి మరీ నిలబెట్టారు. ఆ మేకులు దిగిన చోట ఇప్పుడు నాలుగో ధార మొదలైంది. అదీ సరిగ్గా నేను నిలబడి ప్రసంగం చదివే మెట్ల మీద. దయచేసి ఈసారి బోర్డు కాదు, తాపీ మేస్త్రీని పంపండి.

ఇట్లు,
తాళాల వీధి ఇమాము

తా.క.: తాళాలాయన ఇప్పుడు గొడుగేసుకుని ముందు వరసలో కూర్చుంటున్నాడు. వెనక వాళ్లకి నేను కనపడటం లేదట. చదవడమే కదా, వినపడితే చాలన్నాను.

*

గౌరవనీయులైన ఇమాము గారికి,

నాలుగో ధార వార్త డైరెక్టరుగారికి మహా సంతోషం కలిగించింది. 'పథకం విస్తరణ' అని ఎర్ర సిరాతో రాశారు. మేస్త్రీ కోసం మీరడిగిన విషయం కట్టడాల విభాగానికి పంపాం. పథకంలో ఉన్న కప్పును ముట్టుకోవడానికి వీల్లేదని వారి జవాబు.

వచ్చే శుక్రవారం మంత్రిగారు స్వయంగా వచ్చి మీ బకెట్లు చూస్తారు. ఆ రోజు వాన పడకపోతే ఇబ్బంది లేకుండా, కప్పు మీద నీళ్లు పోయడానికి ట్యాంకరు తెస్తున్నాం. ప్రసంగం విషయం: 'మన తలల మీద నీడ అయిన ప్రభుత్వం'.

ఇట్లు,
విభాగాధికారి

తా.క. (విడి చీటీ మీద): మామయ్యా, మీ కాళ్లు పట్టుకుంటాను, మంత్రిగారి ముందు చిల్లు అన్న మాట రానివ్వకండి. నా ప్రమోషన్ ఆ బకెట్లలో ఉంది. కప్పు బాగుచేయించేదాకా నాతో మాట్లాడనని మీ అమ్మాయి మూతి ముడుచుకుని కూర్చుంది. అన్నంలోకి నాకు ఉప్పు కావాలా అని కూడా పక్కింటావిడ చేతే అడిగిస్తోంది.

*

అల్లుడుగారికి (డైరెక్టరు చదివినా సరే),

నిన్న మీరు వీధిలో ట్యాంకరు దగ్గర ఉండిపోయారు కనక లోపల జరిగింది చెబుతున్నాను. పైనుంచి వాన వస్తున్నా మీ ట్యాంకరు ఆగలేదు కదా! నేను మెట్లెక్కి 'మన తలల మీద నీడలా' దాకా చదివానో లేదో, మేకు చిల్లులోంచి ధారంతా కాగితం మీదే పడింది. మీ ఆఫీసు సిరా నా చేతి మీదుగా మోచేతి దాకా కారిపోయింది. కాగితం తెల్లబోయింది. నేనూ తెల్లబోయాను.

నిబంధన గుర్తొచ్చింది. నాలుగు మంచి మాటలు. ఇన్నేళ్ల తర్వాత నా నోరు నాదైంది బాబూ, తడిసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. జనమంతా గొడుగులు పక్కకి వంచి నా వంకే చూస్తున్నారు. "అందరం తడుస్తున్నాం. పక్కవాడికి కాస్త గొడుగు పట్టండి" అన్నాను. అంతకంటే ఏమీ తోచలేదు. తాళాలాయన తన గొడుగు మంత్రిగారి మీద పట్టాడు.

నమాజయ్యాక మంత్రిగారు పైకి చూసి, "ఇది పథకమా, చిల్లా?" అన్నారు. డైరెక్టరుగారు నన్ను చూపించారు. "కాగితంలో లేదండీ, నేను చెప్పకూడదు" అన్నాను. మీరు వద్దన్న మాట నా నోట రానివ్వలేదు. ఆయన పడీపడీ నవ్వి, కప్పు వెంటనే బాగుచేయించమన్నారు.

ఇట్లు,
మీ మామ

తా.క.: గొడుగు మాట ఎంతో బాగుందని, రాసిందెవరని మంత్రిగారు అడిగారు. డైరెక్టరుగారు మీ పేరు చెప్పారు. నేను కాదనలేదు. ఇంట్లో మీకు ఉప్పు అందాలి కదా.

*

గౌరవనీయులైన ఇమాము గారికి,

కప్పు మరమ్మతు పూర్తయింది. కారే చోట్లన్నీ మూసినట్టు పనివాళ్లు సంతకం చేశారు. బోర్డు తీసేశారు. కొత్త పదవిలో చేరినందున ఇకనుంచి ప్రసంగాలు నా సంతకంతోనే వెళ్తాయి. కాగితంలో ఉన్నదే చదవాలన్న నిబంధన యథాతథంగా ఉంది.

ఇట్లు,
ఉప సంచాలకుడు

తా.క. (విడి చీటీ మీద): మామయ్యా, మంత్రిగారు వచ్చిన రోజు ఆడవాళ్ల వైపు కూర్చుని మీ అమ్మాయి అంతా వింది. "మా నాన్న గొంతు మళ్లీ విన్నానండీ" అని నాతో మాట్లాడుతూ ఏడ్చేసింది. నేను రాసినవి ఇన్ని చదివారు, ఒక్కదానికీ ఎవరూ ఏడవలేదు. అందుకని మేకు చిల్లు పనివాళ్లకి చూపించలేదు. ఈ శుక్రవారం వాన ఉందంటున్నారు. ప్రసంగం పంపుతున్నాను. ఆఫీసులో అన్నిటికంటే చవక సిరాతో అచ్చు తీయించాను. మెట్ల మీద కొంచెం ముందుకి జరిగి నిలబడండి.