ఆడవాళ్ళ వైపు

జిరోనా, స్పెయిన్
సెప్టెంబరు 8

ప్రియమైన మీకు,

మెర్సీ వందనాలు. ఫోన్‌లో ఎప్పుడడిగినా "బాగానే ఉన్నాను" తప్ప మీ నోట మరో మాట రాదు. కాగితం మీదైనా నాలుగు మాటలు రాస్తారని ఈ ఉత్తరం.

ఆదివారం నేను చూసుకునే ముసలమ్మగారిని ఆవిడ కూతురికి అప్పగించి, ఇక్కడి పెద్ద చర్చికి వెళ్ళాను. ఏడువందల ఏళ్ళనాటిదట. తొంభై మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది. గుమ్మం పక్కన చెప్పులు విడిచి, చున్నీ తలమీద వేసుకుని లోపలికి నడిచాను. చెప్పులు విడిచింది నేనొక్కదాన్నే. రాతినేల జిల్లుమంది. అంత పెద్ద కప్పుకి మధ్యలో ఒక్క స్తంభం లేదండీ. ఇక్కడివాళ్ళ కతలాన్ భాషలో పాడిన పాటలు ఒక్క ముక్క అర్థం కాలేదు.

అలవాటుగా ఎడమ పక్క ఆడవాళ్ళ వైపనుకుని కూర్చున్నాను. ఒక పెద్దాయన వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. గబుక్కున లేచి వెనక్కి పోయాను. పాపం, ఆయన చిన్నబుచ్చుకున్నాడు. తీరా చూస్తే అక్కడ మొగుడూ పెళ్ళాలు పక్కపక్కనే కూర్చున్నారు. పదమూడేళ్ళలో మనం గుడిలో అలా కూర్చున్నది పెళ్ళినాడు ఒక్కరోజే. ఆరాధన అయ్యేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

ముసలమ్మగారి వాళ్ళు ఇంకో రెండేళ్ళు పనిలో ఉండమంటున్నారు. నవంబరు చివర ఒప్పందం మీద సంతకం పెట్టాలి. ఏం చెయ్యమంటారు?

మీ మెర్సీ

ఉంగుటూరు
సెప్టెంబరు 25

ప్రియమైన మెర్సీకి,

ఉత్తరం అందింది. నేను బాగానే ఉన్నాను. మిల్లులో పని బాగానే ఉంది. చెరువు గట్టు తెగి మన చేపలన్నీ కొల్లేట్లో కలిసిపోబట్టి కదా నువ్వు వెళ్ళాల్సొచ్చింది, ఆ చెరువు ఇప్పుడు వెంకట్రాజు చేస్తున్నాడు. వానలు బాగానే పడ్డాయి. సంతకం సంగతి నీ ఇష్టం. చలికి మేజోళ్ళు వేసుకో.

శ్యామ్ సుందర్

జిరోనా
అక్టోబరు 11

మీకు,

అంత చిన్న ఉత్తరంలో మూడుసార్లు "బాగానే" అని రాశారు. నేను లేకపోయినా అన్నీ బాగానే ఉన్నప్పుడు నేనొచ్చి చేసేదేముంది? సంతకం పెట్టేస్తాను.

మొన్న మళ్ళీ గుడికి వెళ్ళాను. ఈసారి చెప్పులు విడవలేదు. ఆ పెద్దాయన వచ్చి పక్కన కూర్చుంటే లేవలేదు కూడా. ఇలాగే ఇక్కడికి అలవాటు పడిపోతానేమోనని భయంగా ఉందండీ.

మెర్సీ

ఉంగుటూరు
అక్టోబరు 28

ప్రియమైన మెర్సీకి,

నీ ఉత్తరం మిల్లులో బస్తాల మీద కూర్చుని నాలుగుసార్లు చదివాను. నేను బాగా లేను. ఈ ఒక్క మాట రాయడానికి రెండు కాగితాలు చింపాను.

మన గుడిలో రెండో కిటికీ కింద నీ చోట్లో రాజ్యం పిన్నిగారు ఎవరినీ కూర్చోనివ్వడం లేదు. మగవాళ్ళ వైపు నుంచి ప్రసంగమంతా అటే చూస్తుంటాను. మొన్న ఆదివారం మొదటి పాట అవుతుండగా లేచి, అందరూ చూస్తుండగానే వెళ్ళి అక్కడ కూర్చున్నాను. సంఘపెద్ద సత్యానందంగారు వంగి, "ఇది ఆడవాళ్ళ వైపండీ" అన్నారు మెల్లగా.

"తెలుసండీ" అన్నాను. లేవలేదు.

పిన్నిగారు కాస్త జరిగి, చాపమీద చోటిచ్చి, నువ్వెప్పుడొస్తావని అడిగారు.

సంతకం పెట్టకు. వచ్చెయ్. ఇది చేరడం ఆలస్యమవుతుందేమో, అందేదాకా సంతకం పెట్టొద్దని ఈలోగా ఫోన్ చేస్తాను. ఫోన్‌లో మళ్ళీ బాగానే ఉన్నానంటాను. అది నమ్మకు, ఈ కాగితాన్ని నమ్ము.

నీ శ్యామ్