వాడరేవు వానలో వలి సాహెబ్

ఓర్వకల్లు,
డిసెంబరు 27.

చెల్లెలు వెంకటేశ్వరమ్మను దీవించి అన్న వీరభద్ర రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మధులతకు జలుబు, అల్లుడు చంద్రకు నోటి దురద, నాకు చెవుడు. ఇవి కాక ఇంట్లో వేరే జబ్బులు లేవు. కడపలో మీరందరూ బాగున్నారని తలుస్తాను, మీ ఆయనతో సహా.

నీ ఉత్తరం వచ్చి పది రోజులయింది. ఫోనులో నాకు వినబడదని ఓపికగా నాలుగు పేజీలు రాసేదానివి ఈ లోకంలో నువ్వొక్కదానివే. నువ్వడిగినవాటికి వరసగా జవాబు రాస్తాను.

నువ్వు పంపిన నూనె మోకాళ్ళకు రాశాను. నొప్పి అలాగే ఉంది, వాసన అదనంగా వచ్చింది. నేను ముప్పై ఏళ్ళు కాపాడిన గ్రంథాలయం పుస్తకాలు ఏమయ్యాయని అడిగావు. మూటలు కట్టి మెట్ల కింద పడేశారు. ఆ పని చేయించిన అధికారే నాకు సన్మానం చేస్తానని కబురు పెట్టాడు. ఆ శాలువా మూటల మీద కప్పమన్నాను.

ఇక మూడోది. "చిన్నన్న కంటి ఆపరేషన్ చేయించుకుని మా ఇంట్లోనే ఉండాడు. ఒక్కసారి వచ్చి మాట్లాడిపో అన్నా, శానా ఏండ్లయిపాయ" అని రాశావు. తమ్ముడు ఉరుకుందు మాట మన ఉత్తరాల్లోకి వచ్చి ముప్పై ఒక్కేళ్ళయింది. పొలం పంచుకున్నప్పుడు నీళ్ళున్న చేను తానుంచుకుని ఎండు చేను నాకు అంటగట్టాడని ఊరూరా చెప్పుకుని తిరిగాను. వాడి పేరు నా దగ్గర ఎత్తనని నీ చేత ఒట్టు వేయించుకున్నాను. ఒట్టు తప్పినందుకు నీ మీద కోపం రావలసింది. రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే ముందు సముద్రం సంగతి చెప్పాలి.

డిసెంబరు మొదటి శనివారం, రెండు రోజులు సముద్రం ఒడ్డున తిరిగి వద్దామని చంద్ర కారు తీశాడు. వాయుగుండం ఉంది, వద్దన్నాను. "వానకు బెదిరేదానికి మనమేమన్నా కోస్తావాళ్ళమా మామా?" అన్నాడు. అతను ఇన్నేళ్ళలో అన్న తెలివైన మాట అదొక్కటే. గిద్దలూరు దాటేసరికి వాన పట్టుకుంది. కొత్తపట్నంలో సముద్రం కనబడలేదు. బూడిద రంగు గోడ ఒకటి లేస్తూ కూలుతూ కనబడింది. చీరాల దగ్గర వాడరేవు చేరి ఒక లాడ్జిలో దిగాం.

వాన వచ్చేటప్పుడు తలుపు మూయడం మన ఇళ్ళలో లేదు. వచ్చే గంగమ్మను వద్దన్నట్టవుతుందని అమ్మ తిట్టేది. అలవాటు చొప్పున సముద్రం వైపు తలుపు బార్లా తీసి భోజనానికి పోయాను. వచ్చేసరికి పరుపు, పెట్టె, మధులత చీరలు అన్నీ తడిసి ముద్దయ్యాయి. లాడ్జి మేనేజరు నెత్తి కొట్టుకున్నాడు.

"తుపానుకి ఎవరన్నా తలుపు తీసి పెడతారాండీ?"

"మీకు ఎక్కువై మూసుకుంటారు నాయనా. మాకు లేక తీసి పెట్టుకుంటాం" అన్నాను.

ఆదివారం పొద్దున వాన కొంచెం పలచబడింది. కూతురూ అల్లుడూ ఫోటోల కోసం ఇసుకలోకి దిగారు. నేను గొడుగు ముడిచి రోడ్డు పక్కన నిలబడ్డాను. ముఖం మీద వాన పడితే నాకు ఇప్పటికీ బాగుంటుంది. ఎదురుగా టీ అంగడిలోంచి ఒక ముసలాయన లేచి వచ్చి నా చెవి దగ్గర అరిచాడు.

"ఏమప్పా, సీమోనివా? వానలో గొడుగు ముడుచుకోని నిలబడేది మనోళ్ళే!"

తెల్ల గడ్డం, వంగిన నడుము. పోల్చుకోలేకపోయాను. ఆయనే నన్ను పట్టి పట్టి చూసి, "వీరభద్రన్నా! నేను వలి సాహెబ్ ను. నీళ్ళు చూసేటోన్ని" అన్నాడు.

అప్పటికి నువ్వు కడపకు కాపురానికి వెళ్ళిపోయావు, నీకు అంతా తెలియదు. ఈయన అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేలంతా నడిచేవాడు. కాయ ఎక్కడ లేచి నిలబడితే అక్కడ బోరు వేసేవాళ్ళు. పంపకాలప్పుడు మన రెండు చేలూ చూసింది ఈయనే. వాగు పక్కనున్న వంక చేను నాకు వచ్చింది, గుట్ట కింది చేను ఉరుకుందుకు వచ్చింది. నేను మూడు బోర్లు వేస్తే మూడింటిలోనూ దుమ్ము లేచింది. మరుసటి ఏడు ఉరుకుందు వేసిన మొదటి బోరులోనే నీళ్ళు ఎగజిమ్మాయి. ఇద్దరూ కూడబలుక్కుని నన్ను ముంచారని రచ్చకెక్కాను. ఆ ఏడే సాహెబ్ ఊరు విడిచాడు.

"దొంగ మొగం దాచుకునేదానికి ఇంత దూరమొచ్చినావా సాహెబూ?" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. "ఈడ యాడ తవ్వినా నీళ్ళేనప్పా. నన్ను అడిగేటోడు లేడు, నన్ను నమ్మి చెడేటోడు లేడు. అందుకే వచ్చినా."

ఆ అంగడి సాహెబ్ కూతురు ఆస్మాది. నన్ను అంగడి బయటి బల్ల మీద కూర్చోబెట్టి, గ్లాసు నా చేతిలో పెట్టి, "టీ తాగి తిట్టు పెద్దాయనా, గొంతు పట్టుకుంటాది" అంది.

సాహెబ్ నా పక్కన కూర్చుని మళ్ళీ చెవిలో అరిచాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా విని ఉంటారు.

"నీకు ఈ మాట చెప్పకుండానే సచ్చిపోతానేమో అనుకుంటాంటి. ఆ పొద్దు కాయ లేసింది వంక చేనులోనే. గుట్ట కింద మెదల్నే లేదు. ఉరుకుందు కండ్లారా చూసినాడు. చూసి ఏమన్నాడో తెలుసునా? 'వంక చేను అన్నకిడుస్తా సాహెబూ. అన్నకు సేద్యం చేతగాదు, చిన్న ఉద్యోగం, ఆడబిడ్డ ఉండాది. నీళ్ళుంటే గుత్తకిచ్చుకోనైనా బతుకుతాడు. ఈ మాట బయట పెట్టొద్దు, తెలిస్తే రోషానికి తీసుకోడు' అన్నాడు."

"మరి రచ్చలో ఎందుకు చెప్పలేదు?"

"చెప్పబోయినా. నా కాలు తొక్కిపట్టినాడు. నువ్వు తిడతాండేంత సేపూ తొక్కే ఉండాడు. అబద్ధమాడింది కాయ, మేం కాదప్పా. ఆ పొద్దు నుంచీ నేను కాయ పట్టలేదు."

గ్లాసు చేతిలోనే ఉంది. వాన అందులో పడుతోంది. నేను ఎన్ని పుస్తకాలు చదివానో నీకు తెలుసు. ద్రోహం చేసే తమ్ముళ్ళను గుర్తుపట్టడం వాటిలోంచే నేర్చుకున్నాననుకున్నాను. మేలు చేసిన తమ్ముణ్ణి గుర్తుపట్టడం ఏ పుటలో ఉందో, దాన్ని ఎప్పుడు దాటేశానో తెలియదు.

సాహెబ్ ఇంకొక మాట అన్నాడు.

"కడాకు ఉరుకుందు బోరన్నా నిలిచింటే బాగుండు. మోటరు దించే లోపలే కూలిపాయ. అల్లా ఇష్టం."

అల్లా ఇష్టం కాదు వెంకటేశ్వరమ్మా.

రచ్చ అయిన కొద్ది రోజులకు ఉరుకుందు మోటరు తెచ్చుకోవడానికి కర్నూలు పోయాడు. బోరు మూతికి గోనెసంచి కట్టి, పైన బండ పెట్టి పోయాడు. మిట్టమధ్యాహ్నం, చేలల్లో ఎవరూ లేరు. నేను బండ తీశాను, సంచి విప్పాను. గుట్ట దగ్గర రాళ్ళు ఏరి ఒక్కొక్కటే లోపల వేశాను. అప్పుడు చెవులు బాగానే పనిచేసేవి. చాలా కింద నీళ్ళలో పడిన చప్పుడు వినిపించేది. ఆ చప్పుడు వినిపించకుండా పోయేదాకా వేశాను. మళ్ళీ సంచి కట్టి, బండ ఉన్నచోటే పెట్టి, ఇంటికి వచ్చి అన్నం తిన్నాను.

మోటరు దిగలేదు. బోరు కూలిపోయిందని అందరూ అన్నారు, నేనూ అన్నాను. నాకు నెలనెలా జీతం వచ్చేది, వాడికి ఆ చేను తప్ప ఏమీ లేదు. ఎద్దులను అమ్ముకుని, నాపరాళ్ళ పనికి పోయి, చివరికి తుమ్మలపల్లె గనిలో చేరి ముసలివాడయ్యాడు. నన్ను మోసం చేసినవాడికి తగిన శాస్తి జరిగిందని ఇన్నేళ్ళూ హాయిగా నిద్రపోయాను.

తర్వాత చూద్దామనుకున్న సూర్యలంక తీరం చూడకుండానే కారు వెనక్కి తిప్పించాను. అప్పటినుంచి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. మధులత నీతో చెప్పే ఉంటుంది. కారణం ఇదని దానికి తెలియదు.

ఈ ఉత్తరం ఉరుకుందుకు చదివి వినిపించు. ఒక్క అక్షరం మెత్తగా మార్చొద్దు. మొదట్లో మీ ఆయన మీద నేను విసిరిన ఆ ఒక్క ముక్క కావాలంటే వదిలెయ్యి. నేనే ఎదురుగా వచ్చి చెప్పవచ్చు గదా అంటావు. చెప్పలేను. ఏమీ తెలియకుండా నన్ను చూస్తే వాడు "వచ్చినావా అన్నా" అని లేస్తాడు. వాడి సంగతి ఇప్పుడు నాకు తెలిసింది. ఆ సంతోషం చూశాక నా నోరు పెగలదు, మీ ఇంట్లో నాలుగు పూటలు తిని ఇంకొక అబద్ధంతో తిరిగి వస్తాను. అందుకని ముందే తెలియాలి వాడికి.

క్షమించమని అడగడం లేదు. వాడు నన్ను తిట్టాలి. ఇన్నేళ్ళూ ఆ పని నేనొక్కణ్ణే చేశాను.

ఉత్తరం నీకు అందేలోపు రాను. వచ్చే సోమవారం మొదటి బస్సుకు బయలుదేరుతాను. నా ముఖం చూడనంటే, వాడు లోపలే ఉండనీ. నేను మీ అరుగు మీద కూర్చుంటాను. ఎవరు లేపినా లేవను.

ఇట్లు,
నీకూ ఉరుకుందుకూ అన్న,
వీరభద్ర