దీపం ముందు ఇద్దరం

వానమ్మా,

ఇక్కడ పాప, అత్తయ్య, నేను కులాసా. అక్కడ ద్వీపం మీద నువ్వూ, నీ వాతావరణ కేంద్రమూ, నీ గాలులూ మబ్బులూ కులాసా అని నమ్ముతున్నాను.

పై మాట అలవాటు కొద్దీ రాసేశాను. అది ముగ్గురిలో ఇద్దరికి నూటికి నూరుపాళ్లు నిజం. మూడోవాడి సంగతి నిదానంగా రాద్దామని కూర్చున్నాను. నిదానం అన్నానే గానీ, ఈ నాలుగు ముక్కలు రాసేలోపే రెండుసార్లు కుర్చీలోంచి లేచాను. ఒకసారి కిటికీ వెయ్యడానికి, ఒకసారి వేసిన కిటికీ తియ్యడానికి.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. పాప ముందు పన్ను ఊడింది. బడిలో పక్కపిల్లతో ‘మా అమ్మ వానల్ని చూసుకుంటుంది, మీ అమ్మకి చేతనవునా’ అని గొడవపడుతుంటే ఊడిందట. టీచరమ్మ నన్ను పిలిపించి, “రేపటి ఆటల పోటీకి వాన ఆపించమని మా క్లాసు పిల్లలంతా మీ పాప చుట్టూ తిరుగుతున్నారండీ, కాస్త చెప్పండి” అంది. చెప్పాను. “ఆపించలేకపోతే ముందే చెప్పెయ్యాలి కదా నాన్నా, నమ్మించకూడదు” అని పాప నాకే బుద్ధి చెప్పింది. మర్నాడు వాన పడలేదు. ఇప్పుడు నీ పరపతి మరీ పెరిగిపోయింది.

వంటింటి సింకు కింద కారడం ఆగిందా అన్నావు. ఆగింది. ఎవరు ఆపారో చెప్తే నమ్మవు. మీ అమ్మ. బజారుకి వెళ్లి వాషరు కొనుక్కొచ్చి, సింకు కింద దూరి, పాపని టార్చి పట్టుకోమని బిగించేశారు. “ప్లంబరు వస్తాడు కదా అత్తయ్యా” అంటే, “వాడొచ్చేసరికి మనం ఈత నేర్చుకోవాలి” అన్నారు.

అవును, నేను రాస్తున్నది మీ అమ్మ గురించే. మామయ్య పోయాక మన ఇంటికొచ్చి, గోడవైపు తిరిగి పడుకుని, ఏది అడిగినా ‘ఊఁ’ అన్న అత్తయ్య గురించే. నువ్వు పడవ ఎక్కే రోజు గుమ్మం దాకా వచ్చి మళ్లీ వెళ్లి పడుకున్న మనిషి. ఇప్పుడు బాల్కనీ ఊచలకి రంగు వేస్తున్నారు. పైఇంటావిడతో నీళ్ల మోటారు విషయంలో తగువు పెట్టుకుని, గెలిచి, ఆవిడతోనే పొద్దున్నే నడకకి వెళ్తున్నారు. ఇదంతా నువ్వు పంపిన దీపం మహిమ.

అక్కడ సూర్యుడు సరిగ్గా కనపడని నెలల్లో మీరంతా పొద్దున్నే ఆ దీపం ముందు కూర్చుంటారని, ఒంట్లో మబ్బు విడుతుందని రాసి, నాకోసం ఒకటి పడవలో పంపావు. ఆ జ్వరం వచ్చి పోయినప్పటినుంచి నన్ను పట్టుకున్న నీరసం రెండేళ్లయినా వదలకపోవడం, పరీక్షలన్నీ బాగున్నాయని వస్తుంటే నేను మాత్రం చొక్కా గుండీలు పెట్టుకునేసరికి అలసిపోయి మంచం మీద కూలబడటం నువ్వు కళ్లారా చూసిందే. డాక్టరమ్మ కూడా “చూద్దాం, పొద్దున అరగంట కూర్చోండి. దానికేసి తేరిపార చూడకండి” అంది. పలకంత దీపం. వేస్తే వంటిల్లంతా ఆస్పత్రి వరండాలా తెల్లబడిపోతుంది. మొదటిరోజు నేనొక్కణ్ణే కూర్చుంటే అత్తయ్య లేచి వచ్చి, “ఒక్కరే ఎందుకు బాబూ, బిక్కుబిక్కుమంటూ! నేనూ కూర్చుంటా, బీన్స్ ఈనెలు తీసుకుంటా” అని ఎదురుగా కూర్చున్నారు. అలా రోజూ. బీన్స్ అయ్యాక పేపరు, పేపరయ్యాక కబుర్లు, కబుర్లయ్యాక పాటలు. నా ఎదురుగా ఒక మనిషి కొంచెం కొంచెంగా నిద్ర లేవడం చూశాను.

ఇప్పుడు మూడోవాడి సంగతి.

దీపం నాకు పనిచెయ్యలేదు.

రాసేశాను. లేచి కాసిని మంచినీళ్లు తాగి వచ్చాను.

మొదట్లో కొన్నాళ్లు నిజంగానే ఒళ్లు తేలికపడినట్టు ఉండేది. ఆశ వల్లో, దీపం వల్లో తెలియదు. ఆ ఊపులోనే నీకు ‘మళ్లీ మనిషినయ్యాను’ అని రాశాను. తర్వాత అది జారిపోయింది. కానీ అప్పటికే పాప దీపం అంచున నవ్వుమొహం బొమ్మ అంటించింది. నీ దగ్గర్నుంచి ‘ఉత్తరం చదివి ఒంటరిగా గెంతులు వేశాను’ అని వచ్చింది. అందరూ అంత సంబరంగా ఉంటే, నాకు మళ్లీ నీరసంగా ఉందని చెప్పడానికి నోరు రాలేదు.

దాంతో ఒక తెలివితక్కువ పని చేశాను. అరగంట చాలలేదేమో అని ఎక్కువసేపు కూర్చోవడం మొదలుపెట్టాను. తర్వాత సాయంత్రం కూడా. అలసట పోలేదు సరికదా, దాని మీద అలజడి ఒకటి ఎక్కి కూర్చుంది. ఒళ్లేమో పడుకోమంటుంది, లోపలేమో ఎవరో తరుముతున్నట్టు ఉంటుంది. కాళ్లు ఊరుకోవు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తాను, ఎందుకొచ్చానో తెలియదు. రాత్రిళ్లు నిద్ర కరువైంది. చూసేవాళ్లకి మాత్రం ‘ఎంత హుషారుగా ఉన్నాడో’ అనిపించింది. నువ్వూ ఫోన్‌లో అదే అన్నావు, “గొంతులో ఎంత చురుకొచ్చిందో” అని. ఆ ఫోన్‌లో నిజం చెప్పొచ్చు కదా అంటావు. ఆదివారం దొరికే ఆ కాసేపట్లో పాప ఊగుతున్న పన్ను ఫోన్‌లోనే చూపిస్తానంటుంది, అత్తయ్య నీ తిండి గురించి అడుగుతారు, లైను గరగరలాడుతుంది. అందులో ‘బాగున్నాను’ అనడం మహా తేలిక.

బాగున్నవాడు బాగున్నట్టు ఉండాలి కదా. అందుకని కళ్లద్దాల షాపులో మళ్లీ పూర్తి రోజు పనికి వెళ్లాను. అద్దాల అంచులు అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టడం నాకు కళ్లు మూసుకుని చేసే పని అని నువ్వు ఏడిపించేదానివి. ఇన్నాళ్లకి ఆ మాట నిజం చేశాను.

పోయిన వారం ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. మన మార్కెట్టు వైపు బస్సు నడిపే పెద్దమనిషి, యాభై దాటి ఉంటాయి. అంతకుముందే కొత్త కళ్లద్దాలు తీసుకెళ్లాడు. కౌంటరు ముందు నిలబడి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

“ఇవి పెట్టుకుంటే రోడ్డు ఒకపక్కకి ఒరిగినట్టు ఉంటోందండీ. కొత్తలో అలాగే ఉంటుందా?”

“ఎప్పట్నుంచి?” అన్నాను.

“తీసుకెళ్లిన రోజునుంచీ. నాకే వయసు మీదపడిందేమో అనుకున్నా. నిన్న బస్సు పేవ్‌మెంటు ఎక్కబోయింది. మా ఆవిడతో అనలేదు. డిపోలో అసలే చెప్పలేదు. చెప్తే బండి ఇవ్వరు కదండీ.”

కళ్లద్దాలు తీసుకుని పవరు చూసే మిషన్ కింద పెట్టి చూశాను. కుడికంటి అద్దం ఎడమవైపు, ఎడమకంటిది కుడివైపు. బిగించింది నేనే. ఇచ్చేముందు ఒకసారి సరిచూడటం ఈ పనిలో అందరూ నేర్చుకునే మొదటి పాఠం. ఆ రోజు చూడలేదు. చూశానో లేదో కూడా గుర్తులేదు, అంత అలసిపోయి ఉన్నాను.

వానమ్మా, ఆ బస్సులో మన పాప బడికి వెళ్తుంది.

“మీ తప్పేం లేదండీ. మీ కళ్లూ బాగున్నాయి, వయసూ బాగుంది. తప్పు నాది, అద్దాలు తారుమారు చేశాను” అన్నాను. ఆయన తిడతాడనుకున్నాను. కుర్చీలో కూలబడి, రెండు చేతులతో మొహం రుద్దుకుని, “హమ్మయ్య” అన్నాడు. నాకు తిట్టడం కంటే అదే ఎక్కువ తగిలింది. తర్వాత తిట్టాడు కూడా, బాగానే తిట్టాడు. పడ్డాను. సరిచేసి, ఒకటికి మూడుసార్లు చూసి ఇచ్చి, మా యజమాని గదిలోకి వెళ్లి జరిగింది చెప్పాను. నీరసం సంగతీ చెప్పాను.

ఆయన “ముందే చెప్తే నీ సొమ్మేం పోయేదయ్యా?” అన్నాడు. ఇప్పుడు నేను పొద్దుట పూటే వెళ్తున్నాను. నేను బిగించిన ప్రతి జతా కౌంటరులో ఉండే అమ్మాయి మళ్లీ చూశాకే బయటికి వెళ్తుంది. ఆ అమ్మాయి నిన్న ఒకటి వెనక్కి పంపింది. తప్పేం లేదు గానీ, అధికారం ఎలా ఉంటుందో చూద్దామని పంపిందనుకుంటాను.

ఆ రోజు ఇంటికొచ్చాక స్నానానికని బాత్రూంలో దూరాను. వచ్చేసరికి అత్తయ్య తలుపు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు.

“బాబూ, ఒకటడుగుతాను, ఏమనుకోకండి. లోపల కుళాయి తిప్పి బకెట్టు బోర్లించుకుని కూర్చుంటున్నారు కదూ?”

తడవని తలని తువ్వాలుతో తుడుచుకున్నాను.

“నేనూ ఆ బకెట్టు మీద కూర్చున్నదాన్నే. మీ మామయ్య పోయిన కొత్తల్లో. ఏడుస్తున్నానని మీకు తెలియకుండా.” ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. “ఆ దీపం నన్ను లేపింది. మిమ్మల్ని లేపలేదు. నాకు ఎప్పుడో తెలుసు. మీ వాటా నేను కాజేసినట్టు అనిపించి నోరెత్తలేదు.”

“అదేం మాట అత్తయ్యా.”

“మరి అమ్మాయికి నేను రాయనా, మీరు రాస్తారా?”

“నేనే రాస్తాను.”

“రాయండి. వచ్చెయ్యమనీ రాయొద్దు, ఉండిపొమ్మనీ రాయొద్దు. ఉన్నది రాయండి.”

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి నా వెంట ఆవిడే వచ్చారు. ఇష్టం వచ్చినట్టు దీపం ముందు కూర్చున్నందుకు డాక్టరమ్మ గట్టిగా కోప్పడింది. నన్ను దీపం ఆపెయ్యమంది, ఆపేశాను. నిద్ర కొంచెం కొంచెం దారికొస్తోంది. ఒంట్లో ఓపిక ఉన్నట్టు అనిపించిన రోజు కూడా మొత్తం ఖర్చు పెట్టెయ్యకుండా మిగుల్చుకోమంది. నేను అది నేర్చుకుంటున్నాను, చెడ్డ విద్యార్థిలా. దీపం ఇప్పుడు అత్తయ్యది. పొద్దున ఆవిడ దాని ముందు కూర్చుంటే, నేను పక్కగదిలో పడుకుని ఆ పాటలు వింటాను. ఒక్కోరోజు హాయిగా ఉంటుంది. ఒక్కోరోజు, దాచడమెందుకు, అసూయగా ఉంటుంది.

ఇక నీ అసలు ప్రశ్న. కేంద్రానికి నిన్నే పెద్దని చేసి ఇంకో రెండేళ్లు ఉండమంటున్నారని, నేను నిజంగా బాగుపడితే సంతకం పెడతానని, లేకపోతే వచ్చే పడవకే వచ్చేస్తానని రాశావు. నేను ఉన్నపళంగా ‘పెట్టెయ్’ అన్నాను. నీ పదోన్నతి కోసం అన్నాననుకున్నావు. కాదు. నా జబ్బు కోసం నువ్వు అది వదులుకుని వస్తే, ఆ తర్వాత నువ్వు కిటికీలోంచి మబ్బులకేసి చూసిన ప్రతిసారీ నేను లెక్క వేసుకుంటూ బతకాలి. దానికి భయపడ్డాను. నిన్ను కాపాడుతున్నానని నాకు నేనే చెప్పుకుంటూ నన్ను కాపాడుకున్నాను. ఈ పాటికి నువ్వు సంతకం పెట్టేశావేమో అని పొద్దుట్నుంచి ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. పెట్టేసి ఉంటే, అబద్ధం చదివి పెట్టావు. తప్పు నాది. పెట్టకపోతే, ఇది చదివి ఆలోచించు. మేము ముగ్గురం సర్దుకోగలం. ఆ మాట మాత్రం అత్తయ్యని, పాపని అడిగే రాస్తున్నాను. నువ్వు రావాలని నాకు ఉందా అంటే, ఉంది. రోజూ ఉంది. జబ్బు లేకపోయినా ఉండేది. ఈ రెండూ ఒకేసారి నిజం. ఏది బరువో నీ దగ్గర ఉన్న ఏ పరికరంతో తూస్తావో తూచుకో.

ఒక్కటి మాత్రం నేనే తేల్చేశాను. పాప సెలవుల్లో పడవకి మేము వస్తున్నాం, పాపా నేనూ. అత్తయ్య రారట, ఆవిడకి బోలెడు పనులున్నాయట. రేవునుంచి నీ కేంద్రానికి కొండ మెట్లెక్కాలని విన్నాను. ఒక్క ఊపులో ఎక్కలేను. నాలుగు ఎక్కి కూర్చుంటాను, మళ్లీ నాలుగు ఎక్కి కూర్చుంటాను. పాప ముందు పరుగెత్తిపోతుంది, పోనీ. నువ్వు పైనుంచి చెయ్యి ఊపుతూ నిలబడకు. కిందికి దిగి వచ్చి, నేను కూర్చున్న చోట కూర్చో.

ఇట్లు,
ఈసారి ఉన్నదున్నట్టు రాసిన
నీ ఇంటాయన