ఊడదీసిన బల్ల గురించి

హౌసింగ్ ఆఫీసు డెల్వెకియో గారికి, మూడో అంతస్తు ముసలామె నమస్కారాలు.

మా వృద్ధుల క్వార్టర్స్‌లో కింది హాలు బాగు చేయిస్తున్నారు, సంతోషం. ఇప్పుడు పనిపనికీ టెండరు అక్కర్లేదట, ఏడాదంతా ఒకే కాంట్రాక్టరు, మీ ఆఫీసు ఆర్డరు రాసిస్తే చాలట. అందుకే పనివాళ్లు ఇంత త్వరగా వచ్చారు.

నిన్న పోస్టు పెట్టెల పక్కనున్న కూర్చునే బల్ల ఊడదీశారు. "మళ్లీ ఎప్పుడు పెడతావు బాబూ?" అని మేస్త్రీ రూబెన్‌ని అడిగాను.

"తీసెయ్యమని ఆర్డర్లో ఉంది బామ్మా, పెట్టమని లేదు. రాయని పని చేస్తే మావాళ్లు నా వీపు చీరేస్తారు" అని నవ్వాడు. మంచివాడు, అతన్నేమీ అనకండి.

మీవాళ్లు పనులు రాసుకోవడానికి వచ్చిన రోజు మంచు పడి ఎవరం కిందికి దిగలేదు. ఖాళీ బల్ల చూసి ఎవరికీ అక్కర్లేదనుకున్నారేమో. పక్కింటి హిల్డా పోయాక దాని మీద కూర్చునేది నేనొక్కదాన్నే, నిజమే. ఒక్కదాని కోసం ఇంకో ఆర్డరు రాస్తారా అని ఒకటే బెంగగా ఉంది.

బల్ల కుదరకపోతే కుర్చీ అయినా రాయండి. ఎక్కువసేపు నిలబడలేను. నాకు ఉత్తరాలేమీ రావు. కానీ పోస్ట్‌మన్ రోజూ "ఏం పెద్దమ్మా, ఇంకా ఉన్నావా!" అని వేళాకోళమాడతాడు. ఈ పనివాళ్లు వెళ్లిపోతే నాతో మాట్లాడేది అతనొక్కడే.