కొత్త పళ్ళకి ఒక వాక్యం

జూన్ 3, సోమవారం

అక్క మీద ఒళ్ళు మండిపోతోంది. అత్తగారితో పడలేకపోతున్నానని దాని దగ్గర ఏడిస్తే, ఆ ముక్క తీసుకెళ్ళి సరిగ్గా అత్తగారి చెవిలోనే వేసింది.

పళ్ళ క్లినిక్ రిసెప్షన్‌లో పొద్దున్నే నా మొదటి పని బోర్డు మీద మంచిమాట రాయడం. రోజూ క్యాలెండర్ చూసి రాసేదాన్ని. ఇవాళ సొంతంగా రాశాను: ఒకసారి మోసం చేసినవాళ్ళకి మళ్ళీ తలుపు తీయొద్దు. చాక్‌పీస్ విరిగింది. కడుపు చల్లబడింది.

జూన్ 4

బోర్డు తుడవబోతే డాక్టరుగారు ఆపారు. అందులో స, త, ద అన్నీ ఉన్నాయట, పలకడానికి మంచి వాక్యమట. ఇవాళే పళ్ళ సెట్టు పెట్టించుకున్న వాచీల తాతగారి చేత అదే చదివించారు. గడియారాలు బాగుచేస్తారాయన. మొదట ఈలలే వచ్చాయి. ఇంట్లో పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు గట్టిగా చదవమన్నారు. బుద్ధిగా చీటీ మీద రాసుకున్నారు. వెళ్తూ, చాలా మంచిమాట రాశావమ్మా అన్నారు.

సిగ్గులేకుండా పొంగిపోయాను.

జూన్ 9

అక్క ఫోన్. ఎత్తలేదు.

జూన్ 11, పదిన్నర

తాతగారు అపాయింట్‌మెంట్ లేకుండా వచ్చారు. జేబులో రుమాలు, రుమాల్లో పళ్ళు. ఆరేళ్ళ క్రితం చెప్పకుండా పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిన కూతురు ఆదివారం పిల్లని ఎత్తుకుని వచ్చిందట. గుమ్మం దాకా వచ్చి, తలుపు కొట్టకుండానే ఏడుస్తూ మెట్లు దిగిపోయిందట. కింది వాటావాళ్ళు చెప్పేదాకా ఈయనకి తెలీదు. ఫోన్ చేస్తే ఎత్తట్లేదట. ఆ అమ్మాయి కోసమే ఇన్నాళ్ళూ ఇల్లు మారలేదన్నారు. వచ్చినట్టే వచ్చి ఎందుకు పోయిందని నన్ను అడుగుతున్నారు.

ఎన్నింటికి వచ్చిందన్నాను. పొద్దున ఎనిమిదింటికట. అప్పుడు మీరేం చేస్తున్నారన్నాను.

ఆయన బోర్డు వైపు చూశారు. నేనూ చూశాను.

బాబోయ్. నా కోపం ఆ ఇంట్లోంచి పదిసార్లు వినపడింది.

అదే రోజు, మధ్యాహ్నం

తాతగారి దగ్గర నంబరు తీసుకుని, క్లినిక్ ఫోన్ నుంచి ఆ అమ్మాయికి నేనే చేశాను. అక్క గొడవతో సహా అంతా చెప్పాను. నమ్మలేదు. నాన్న ఎప్పుడూ గొంతెత్తరట. తన అడుగుల చప్పుడు పోల్చుకునే, కావాలని అంత గట్టిగా మళ్ళీ మళ్ళీ అన్నారట. కొత్త పళ్ళు అలవాటు కావాలని డాక్టరుగారే చదవమన్నారమ్మా అని బతిమాలాను. ఫోన్ పెట్టేసిందనుకున్నాను.

"నాన్నకి పళ్ళన్నీ ఊడిపోయాయా?" అంది.

ఆ సంగతి కూడా తెలీదు పాపం. తలుపులు మూసుకుంటే తెలియకుండా పోయేవి ఇవే కాబోలు.

ఇంటికెళ్తూ అక్కకి చేశాను. ముందు కడుపారా తిట్టాను. తర్వాత ఎలా ఉన్నావే అని అడిగాను. అదీ ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

జూన్ 14

బోర్డు మీద ఏమీ రాయలేదు.

తాతగారు కుర్చీలో ఉండగా కూతురు పిల్లతో నేరుగా ఇక్కడికే వచ్చింది. డాక్టరుగారికి ఇదేమీ తెలీదు, సెట్టు బిగించి ఏదైనా పలకమన్నారు. తాతగారు ఖాళీ బోర్డు చూశారు. మనవరాలి పేరేమిటని కూతుర్ని అడిగారు. పలికారు. ఈల వచ్చింది. పిల్ల నవ్వింది.

పదిసార్లు పలికారు.