ఐదో చుక్క

జూన్ 8, ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు. మేమిద్దరం కులాసా. నువ్వు కొత్త ఉద్యోగంలో కుదురుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. పనిలో పనిగా, పిల్ల నీకు ఎన్నిసార్లు ఫోను చేసినా ఊఁ, సరే, ఉంటాను తప్ప ఇంకో మాట లేదటగా, మాటలు కూడా పొదుపు చేస్తున్నావా అని దెప్పింది. అక్క అన్నది నిజమే. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే నాకు మాటలు రావు. అందుకని ఈ ఉత్తరం.

ముందు శుభవార్త. ఉప్పునీళ్ళ చేపల తొట్టెలోని పెద్ద పగడం బతికింది. అంచుల్లో చర్మం పోయి తెల్లగా ఎముక తేలిన చోటికి కొత్త చర్మం పాకుతోంది. నువ్వు వెళ్ళేటప్పటికి దారప్పోగంత ఉండేది, ఇప్పుడు గోరంత అయింది. సాయంత్రం దీపం తగ్గేవేళకి నోళ్ళన్నీ తెరుచుకుని, గాలికి గడ్డి ఊగినట్టు ఊగుతోంది. చారల చేపల జంట మళ్ళీ దాని పక్కనే కాపురం పెట్టింది. నిన్న మీ అత్తయ్య దాని ముందు నిలబడి, ఏమే పీడా, ఆయన్ని ఇన్నాళ్ళు ఏడిపించి ఇప్పుడు వయ్యారాలు పోతున్నావా అని తిట్టింది. ఆవిడ తిట్టిందంటే ముద్దొచ్చిందని అర్థం, నీకు తెలుసుగా.

నువ్వు ఉద్యోగ శిక్షణ కోసం మా ఇంటికి వచ్చేనాటికే నేను దాని మీద ఆశ వదిలేసుకున్నాను. ఆ సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. పొద్దంతా దుకాణంలో కంటికి భూతద్దం బిగించుకుని గడియారాల్లో ఆవగింజంత చక్రాలు చూస్తూ ఉంటాను. షట్టరు దించి ఇంటికి వచ్చి ఆ ఉప్పునీళ్ళ ముందు కూర్చుంటే కళ్ళు తెరిపిన పడతాయి. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, పుస్తకాలు చదివి, చేపలు చచ్చినప్పుడల్లా తప్పు దిద్దుకుని నేర్చుకున్నాను. పొద్దున్నే వేడి ఎంత, ఉప్పు ఎంత, క్షారత ఎంత అని చూసి రాసిపెట్టుకుంటాను. పగడం తన ఎముక కట్టుకోవడానికి నీళ్ళలోంచి లాక్కునే సరుకు ఎంత ఉందో చెప్పేదే ఆ క్షారత.

అలాంటిది ఈ ఏడాది మొదట్లో పెద్ద పగడం అంచులు ఊడడం మొదలైంది. హీటరు మార్చాను. నీళ్ళ ఫిల్టరు లోపలి గొట్టాలు మార్చాను. ఉప్పు సంచీ మీద అనుమానం వచ్చి ఇంకో రకం తెచ్చాను. దీపం తగ్గించాను, మళ్ళీ పెంచాను. చేపల షాపతను వచ్చి నేను రాసుకున్న అంకెలు చూసి, నీళ్ళు బంగారంలా ఉన్నాయి గురువుగారూ, ఈ పగడానికే ఆయుష్షు తీరింది అన్నాడు. మిగతావైనా దక్కుతాయని, శనివారం వచ్చి అన్నీ పట్టుకుపొమ్మని అతనితో చెప్పేశాను. ఖాళీ అయ్యాక ఆ మూల ఏం పెట్టుకోవాలో మీ అత్తయ్య అడిగితే, నీ ఇష్టం అన్నాను. ఆవిడ ఆ పూట గిన్నెలన్నీ దడదడలాడిస్తూ తోమింది.

ఆ గురువారం సాయంత్రం నువ్వు శిక్షణ నుంచి వచ్చేసరికి నేను ఆఖరిసారి అనుకుంటూ పరీక్ష గొట్టం కడుగుతున్నాను. మామయ్యా, నీ చేపలకి నాకంటే ఎక్కువ పరీక్షలున్నాయే, ఒకటి నన్ను చెయ్యనీ అన్నావు. గొట్టంలో నీళ్ళు పట్టి, మందు ఒక్కో చుక్కే వేస్తూ ఊపాలనీ, నీళ్ళ రంగు తిరిగేదాకా ఎన్ని చుక్కలు పడితే క్షారత అంత అనీ చెప్పాను. నువ్వు ఐదో చుక్కకే కిటికీ వైపు ఎత్తి చూసి తిరిగిందన్నావు. ఇంకా లేదన్నాను. ఇంకెంత తిరగాలి మామయ్యా, బొంగరంలానా అన్నావు. గొట్టం నేను తీసుకుని, ఎప్పటిలాగే తొమ్మిది దాకా వేసి, ఇప్పుడు తిరిగింది అన్నాను. నువ్వు గొట్టం చూడలేదు, నన్ను చూశావు. తర్వాత నవ్వేసి, ఈ మందు సీసాలు పాతబడిపోయినట్టున్నాయి మామయ్యా, వీటి మాట నమ్మకు అన్నావు.

మర్నాడు నాకు చెప్పకుండానే మంచినీళ్ళ సీసాలో తొట్టె నీళ్ళు పట్టుకుపోయి షాపులో పరీక్ష చేయించుకొచ్చావు. వాళ్ళకీ ఐదే వచ్చింది. తొమ్మిది ఉందనుకుని నేను క్షారత పెంచే సోడా ద్రావణం బొట్టుబొట్టుగా పోస్తుంటే, పగడం ఆకలితో తన అంచులు తానే వదులుకుంటోందన్నమాట. ముందు ఏళ్ళలో పగడాలు చిన్నవి, వాటి తిండీ తక్కువ, వారం వారం మార్చే కొత్త నీళ్ళే సరిపోయేవి. పెరిగాక చాల్లేదు. నువ్వు అక్కడే షాపతనితో, శనివారం రానక్కర్లేదు, మామయ్య మనసు మార్చుకున్నాడని చెప్పి వచ్చావు. నా మనసు మారిన సంగతి నాకు రాత్రి భోజనాల దగ్గర తెలిసింది. మీ అత్తయ్య నీ కంచంలో రెండోసారి వడ్డించడం చూసి, ఇది మీ ఇద్దరి కుట్ర అని అర్థం చేసుకున్నాను.

ఆ కొరత అంతా ఒక్క పూటలో తీర్చేద్దామన్న తొందర నాది. చాలా రోజులు పస్తున్నవాడికి ఒకేసారి కంచం నిండా పెడితే తట్టుకుంటాడా, క్షారత రోజుకు ఒక్క డిగ్రీ, అంటే ఒక్క చుక్కంత కంటే పెంచొద్దు అన్నావు. అయినా ఒక పొద్దున నా చెయ్యి ఆగక గ్లాసెడు సోడా ద్రావణం ఒకే చోట గుమ్మరించాను. నీళ్ళు పాలలా తెల్లగా అయిపోయాయి. నువ్వు నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తుకొచ్చి, ఏమన్నావో ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ తిట్టావని మాత్రం తెలిసింది. తర్వాత పంపు నీళ్ళు తోసే చోట సన్నటి ధారగా ఎలా పోయాలో నా చెయ్యి పట్టుకుని చూపించావు.

ఆ నాటి నుంచి వెళ్ళే రోజు దాకా పొద్దున్నే నువ్వే పరీక్ష చేశావు. నా కళ్ళు కుర్రవి, నేను చూస్తాను, నువ్వు ద్రావణం పోస్తూ ఉండు అన్నావు. మీ అత్తయ్య, పగడం పేషెంటు అయింది, డాక్టరమ్మ వచ్చింది, ఈయనకి కాంపౌండరు ఉద్యోగం దొరికింది అని ఇరుగుపొరుగుకి చాటింపు వేసింది. వెళ్ళేముందు అంకెలు చూపించే చిన్న మీటరు నా బల్ల మీద పెట్టి, షాపులో ఎవరో వాపసు ఇచ్చారట, ఊరికే పడి ఉంటే తెచ్చాను అన్నావు. దాంట్లో గొట్టం పెట్టి బొత్తాం నొక్కితే అంకె పడుతుంది. ఈ పొద్దున క్షారత ఎనిమిదిన్నర చూపించింది. వారం రోజులుగా అక్కడే నిలకడగా ఉంది.

బస్సు దగ్గర నీకు ఒక మాట చెబుదామని, దుకాణం మూసి మరీ వచ్చాను. చివరికి బ్యాగు జిప్పు తెరిచి ఉంది, చూసుకో అన్నాను. అది మూసే ఉంది. చెప్పాలనుకున్నది వేరు. అమ్మడూ, నా ఇంట్లో ఒక ప్రాణం పోకుండా నిలబెట్టావు. నాకు సాయంత్రాలు మిగిల్చావు. ఇలాంటి మాటలు నాకు అలవాటు లేవు, రాయడానికే ఇబ్బందిగా ఉంది. కానీ అవే అసలు మాటలు.

వేళకి తిను. మీ అత్తయ్య నీ గది అలాగే ఉంచానని రాయమంటోంది.

నీ మేలు మరవని,
మామయ్య

తా.క. సంతకం చేశాక కూడా కలం మూత పెట్టబుద్ధి కావడం లేదు. ఆ మందు సీసాలు పాతవి కావు. వాటి మీద గడువు ఇంకా ఏడాది ఉంది. నువ్వు ఆ తేదీ చదవడం నేను చూశాను. నీళ్ళ రంగు ఆకుపచ్చ నుంచి గులాబీకి తిరుగుతుందని మందుతో వచ్చిన కాగితం మీద రాసి ఉంటుంది. నాకు ఆ రెండూ ఒకే మసక. పుట్టినప్పటి నుంచీ అంతే. ఆ సాయంత్రం నువ్వు రెండు గొట్టాలు నా ముందు పెట్టి, రంగు తిరగనిది ఇటివ్వు మామయ్యా అన్నావు. నేను తప్పుది ఇచ్చి ఉంటాను. నువ్వు దాన్నే అందుకుని, మీ అత్తయ్య గదిలోకి రాగానే తప్పంతా సీసాల మీదకి నెట్టేశావు. నా పరువు కాపాడావు.

కుర్రతనంలో కరెంటు పని నేర్చుకుందామని వెళ్ళి, వైర్ల రంగుల్లో తేడా తెలియక వారానికే మానేశాను. గడియారాల్లో ఇత్తడీ ఉక్కూ తప్ప ఏమీ ఉండదని ఈ పనిలో చేరాను. కారణం ఎవరికీ చెప్పలేదు. పచ్చి టమాటాలు తెచ్చానని మీ అత్తయ్య ఇప్పటికీ తిడుతుంది, పరధ్యానం అనుకుంటుంది. ఈ ఉత్తరం అంటించే ముందు ఆవిడకి చదివి వినిపిస్తాను. తిట్లు అయ్యాక కుర్చీ లాగి పగడం ముందు కూర్చోబెట్టి, అది ఏ రంగో చెప్పమంటాను. అమ్మినప్పుడు షాపతను ఏదో రంగు పేరు చెప్పాడు, తెలిసినట్టు తల ఊపి తెచ్చుకున్నాను. ఆ పగడం ఊగడం చూసే ఇన్నేళ్ళూ ఇష్టపడ్డాను.

నువ్వు కూడా రాయి అమ్మడూ, అది నీ కళ్ళకి ఎలా కనిపించిందో. ఎంత పొడుగు ఉత్తరమైనా చదువుతాను.