రాతి మీద పసుపు పేరు

థార్న్‌లీ బ్రిడ్జ్,
1921 నవంబరు 12, శనివారం.

నా ప్రియమైన ఇడాకు,

నీ మార్జరీ గట్టిగా కావిలించుకుని రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం, వాన క్షేమం, మా గది యజమానురాలు మూడు పూటలా ఉడకబెట్టే క్యాబేజీ కూడా క్షేమమే. నీ కాలికి కట్టు విప్పారనీ, మన ఆఫీసు మెట్లు కర్ర లేకుండా దిగుతున్నావనీ తలుస్తాను. మర్యాదలు అయిపోయాయి. ఒసే ఇడా, కేసు తేలిపోయింది! ఆత్రంగా రాస్తున్నాను. సిరా ఒలికితే తిట్టుకోకు.

మొదట్నుంచీ చెబుతాను. యుద్ధంలో పోయిన ఈ ఊరి కుర్రాళ్ళ పేర్లు చెక్కించి బజారు నడుమ ఒక రాతి స్తంభం నిలబెట్టారు. ఆ పేర్ల వరస అడుగున ప్రతి సోమవారం పసుపు రంగుతో ఇంకో పేరు కనబడటం మొదలైంది: ఇ. స్టాట్. తుడిపిస్తారు. మళ్ళీ సోమవారానికి ప్రత్యక్షం! స్మారక సంఘం అధ్యక్షుడు హార్‌గ్రీవ్స్ గారు నన్ను పిలిపించింది అందుకే.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఆడ డిటెక్టివ్‌వా? సరేలే, ఇదీ ఆడదాని పనే. ఎవరో నాకు తెలుసమ్మాయ్, ఆ స్టాట్ ముసల్ది. ఆ 'ఇ' అంటే దాని కూతురు ఎడిత్. మా ఫిరంగి గుళ్ళ ఫ్యాక్టరీలో పని చేస్తూ, పదిహేడులో ఎవడో సిపాయితో కెనడా చెక్కేసింది. అప్పట్నుంచీ తల్లికి మతి లేదు. నువ్వు సాక్ష్యం పట్టుకొస్తే పిచ్చాసుపత్రికి పంపిస్తాం" అన్నాడు. యుద్ధకాలంలో ఆ ఫ్యాక్టరీకి మేనేజరు ఈయనేనట. దొంగని తనే నిర్ణయించేసుకుని సాక్ష్యం మాత్రం నన్ను తెమ్మంటున్నాడు చూశావా!

ముసలమ్మ ఇంటికి వెళ్ళాను. పాపం, టీ ఇవ్వబోతే కప్పు నేనే అందుకోవాల్సి వచ్చింది. కీళ్ళవాతంతో వేళ్ళన్నీ మెలితిరిగిపోయాయి. ఆ చేతులు కుంచె పట్టడం కల్ల. కూతురి ట్రంకుపెట్టె తెరిచి చూపించింది. "ఉన్న గౌనులన్నీ ఇందులోనే ఉన్నాయి తల్లీ. ఒక్క గౌనైనా పట్టుకోకుండా ఏ పిల్ల లేచిపోతుంది? ఈ మాటంటే నాకు పిచ్చంటున్నారు" అని ఏడ్చింది.

పోయిన నెల ఆఖరి సోమవారం పొద్దున్నే బజారులో కాపేశాను. చేపల వేపుడు కొట్టు బెస్సీ, బొద్దుగా ఉంటుంది, నోరు పెద్దది, పసిపిల్లల తోపుడుబండి నెట్టుకుంటూ రాతి దగ్గర ఆగింది. వంగి దుప్పటి సర్దినట్టు సర్దింది. ఆవిడకి పిల్లలు లేరని అప్పటికే నాకు తెలుసు. మెల్లగా వెనక చేరి, "పాపాయికి పచ్చకామెర్లా?" అని అడిగాను. దుప్పటి కింద పసుపు రంగు డబ్బా!

బెస్సీ అదరలేదు, బెదరలేదు. "పట్టేశావూ! ఇంతకీ ఎవర్ని పట్టావనుకుంటున్నావ్? నన్ను జైల్లో వేస్తే వచ్చే సోమవారం ఇంకొకత్తి వస్తుంది" అంది. అప్పుడు వెలిగింది నాకు. నేనొచ్చిన దగ్గర్నుంచీ వారం వారం అక్షరాల వాటం మారడం చూసి నేను బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను. రాస్తున్నది ఒక చెయ్యి కాదు!

కొట్టు వెనక గదిలో మిగతావాళ్ళనీ చూపించింది. అందరూ ఫ్యాక్టరీలో ఎడిత్‌తో గుళ్ళకి మందు కూరినవాళ్ళు. ఆ మందుకి అప్పట్లో వీళ్ళ ఒళ్ళూ జుట్టూ పసుపు తిరిగిపోయేవట. అందుకే ఆ రంగు. ఏం జరిగిందని అడిగితే ఒక్కరూ పెదవి విప్పరు. ఫ్యాక్టరీ సంగతి బయట పలకబోమని బైబిలు మీద ప్రమాణం చేయించాడట హార్‌గ్రీవ్స్. "నోరు విప్పితే ఉరి అన్నాడు. రంగు పూయకూడదని మాత్రం ఆ ప్రమాణంలో లేదుగా!" అని బెస్సీ నవ్వబోయి ఏడ్చేసింది.

నేను వెళ్ళి హార్‌గ్రీవ్స్‌తో, ముసలమ్మ కాదు, ఆ చేతులతో కాదు అని చెప్పాను. మొహం మాడ్చుకుని, రాయికి జెండా కప్పించి, ఆవిష్కరణ దాకా నన్నే కాపలా పెట్టాడు.

నిన్న, యుద్ధం ఆగిన రోజున, ఊరంతా నల్లబట్టల్లో బజారులో నిలబడ్డారు. ఆవిష్కరించడానికొచ్చిన ముసలి జనరల్ ఫెన్విక్ గారు తాడు లాగారు. జెండా జారింది. ఇడా, పేర్ల కింద పేరు! రంగు కాదే, రాతిలోకి చెక్కిన పేరు! ఇ. స్టాట్!

"ఎవడు చేశాడిది? లేచిపోయినదాని పేరా ఇక్కడ? చెక్కి తీసేయండి!" అని హార్‌గ్రీవ్స్ కేకలు. జనరల్ గారు తాపీగా, "ఈ స్టాట్ ఎవరు?" అని అడిగారు. బెస్సీ ముందుకొచ్చి, "ప్రమాణం ఉందండీ, చెప్పకూడదు" అంది. "యుద్ధం అయిపోయి మూడేళ్ళయింది. వినడానికి ఇక్కడ శత్రువెవడున్నాడు? నా పూచీ, చెప్పమ్మా" అన్నారాయన.

అంతే, కట్ట తెగింది. గుళ్ళ లెక్క త్వరగా పూర్తవ్వాలని హార్‌గ్రీవ్స్ షెడ్డులో ఉండకూడనంత మందు పోయించాడట. నిప్పు అంటుకుంటే ఎడిత్ నలుగురిని బయటికి నెట్టేసి, మంట పక్క షెడ్డుకి పాకకుండా ఇనుప తలుపు లోపల్నుంచి మూసేసుకుంది. ఆ నలుగురిలో బెస్సీ ఒకతి. మర్నాడే హార్‌గ్రీవ్స్ లేచిపోయిన కథ పుట్టించాడు.

జనరల్ గారు టోపీ తీశారు. ఆయన్ని చూసి మగవాళ్ళందరూ తీశారు. ముసలమ్మని నేనే చెయ్యి పట్టి రాయి దగ్గరికి నడిపించాను. మెలితిరిగిన వేలితో ఒక్కో అక్షరం తడిమి, "ఇక్కడే ఉన్నావటే" అంది. అంతే అంది. బజారంతా వెక్కిళ్ళు.

హార్‌గ్రీవ్స్ సాయంత్రానికి సంఘానికి రాజీనామా ఇచ్చాడు. జనరల్ గారు విచారణ వేయిస్తానన్నారు. ఆ పేరు ఎవరు చెక్కించారని మాత్రం ఊరంతా ఒకటే గోల. నన్నూ అడిగారు. నేనుండగా కుక్క కూడా దగ్గరికి రాలేదని చెప్పాను.

సోమవారం రైలుకి వస్తున్నాను. టీ కాచి ఉంచు, క్యాబేజీ మాత్రం వద్దు.

నీ స్నేహితురాలు,
మార్జరీ క్లెగ్

తా.క.: నీ దగ్గర దాచడం నా వల్ల కాదు. రాతిపనివాడు బెస్సీ తమ్ముడే. పోయిన ఆదివారం ఊరంతా చర్చిలో ఉండగా అతను జెండా కింద దూరాడు. సుత్తి చప్పుడు వినపడకుండా బ్యాండు వాళ్ళు పక్క వీధిలో ఒకే పాట మళ్ళీ మళ్ళీ వాయించారు. వాళ్ళ భార్యలూ ఎడిత్‌తో మందు కూరినవాళ్ళే, వాళ్ళ ఆజ్ఞ మరి! కాపలా బాగా కాశానని సంఘంవాళ్ళు నన్ను మెచ్చుకున్నారు. నిజమే కదే. ఉలి ఆగేదాకా అటు పిట్టని కూడా వాలనివ్వలేదు.